రెండో కేక

పోటీ పరీక్షలకు చదివే పిల్లల కోసం కొత్త మాటల పట్టిక ఒకటి చేసిపెట్టమని మదనపల్లెలో ఒక పుస్తకాల షాపాయన అడిగాడు. యుద్ధాలు, ఉగ్రవాదం, కంప్యూటరు నేరాలు, వీటి వల్ల ఈ పదిహేను ఇరవై ఏళ్ళలో మన నోళ్ళలోకి వచ్చిన మాటలన్నీ కావాలట. కాలేజీలో తెలుగు చెప్పుకునేవాడికి ఇదేం పెద్ద పని అని ఒప్పుకున్నాను. మానవబాంబు, మందుపాతర, స్లీపర్ సెల్, మాస్టర్ మైండ్, హ్యాకింగ్, ఫిషింగ్. ఫిషింగ్ పక్కన 'చేపలు పట్టడమని రాసేరు, కాదు' అని పిల్లలకు హెచ్చరిక కూడా రాసి నాలో నేను నవ్వుకున్నాను. 'ఉగ్రవాద కోణం' అని రాసి అర్థం కోసం ఆలోచిస్తూ ఉండగా ఊరి నుంచి ఫోను వచ్చింది. అక్క పోయిందని.

నా తోడబుట్టింది కాదు. బైరెడ్డిపల్లె దగ్గర మా ఊళ్ళో ముసలీ ముతకా మొదలుకొని నిన్నగాక మొన్న పుట్టినవాళ్ళ దాకా అందరూ ఆమెను అక్కా అనే పిలిచేవాళ్ళు. రాగులు, వేరుశెనగ పండించుకునే మెట్టభూములు, కొంచెం తోట, ఒక బావి. మొగుడు పెళ్ళయిన కొన్నాళ్ళకే పోయాడు. సేద్యం తనే చూసుకుంది. ఎవరి దగ్గరా తల వంచిన మనిషి కాదు. ఎండైనా మబ్బైనా చేతిలో గొడుగు ఉండాలి, అది విప్పగా మాత్రం నేను చూడలేదు. బస్సెక్కితే డ్రైవరు పక్కన బానెట్టు మీద కూర్చుని, గుంత వచ్చిన ప్రతిసారీ ఆ గొడుగుతో అద్దం వైపు చూపించి డ్రైవరును కేకలేసేది. ఒక చెవి వినపడదు కాబట్టి ఆమెకు మెల్లగా మాట్లాడటం రాదు. ఎవరి ఇంటి గుట్టైనా ఆమె చెవిలో వేస్తే అది పక్క వీధికి కూడా చేరేది. అందుకని ఊళ్ళో గుట్లు ఆమెకు చెప్పడం మానేశారు, ఆ కోపం ఆమెకు చివరిదాకా పోలేదు.

ఆ చెవి పోయింది బావుల దగ్గరే. ఆమె తమ్ముడు బావుల్లో బండ పగలగొట్టేవాడు. మా పక్క నేల మీద రెండు బారలు మట్టి తీస్తే బండ తగులుతుంది. బండకు బెజ్జాలు వేసి, మందు కూరిన తూటాలు పెట్టి, వత్తి అంటించి పేలిస్తేనే బావి కిందికి దిగేది, నీళ్ళు కనపడేది. అతను సన్నగా, పొట్టిగా ఉండేవాడు. నోట్లోంచి మాట ఊడిపడేది కాదు. మీసం ఎప్పుడూ ఒక పక్క కమిలిపోయి రెండో పక్క కంటే పొట్టిగా ఉండేది. అతనికి లేని గొంతు అక్కకు ఉండేది. అందుకని తూటా పేల్చే ముందు కేక వేసే పని ఆమెది.

ఆ కేకలు రెండు. మొదటిది, 'మందు పెట్టినామో, దూరం పోండో' అని. ఆ కేక వినపడితే ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్ళు, గొర్రెల్ని అదిలించేవాళ్ళు, దారిన పోయేవాళ్ళు ఉన్నచోటే నిలబడిపోయేవాళ్ళు. తూటాలు పేలాక ఎవరూ కదలరు. తమ్ముడు పొగలోనే బావిలోకి దిగి, పెట్టినవన్నీ పేలినాయా, ఏదైనా పేలకుండా మిగిలిందా అని ఒక్కొక్క బెజ్జమూ చూసి, కింది నుంచి చెయ్యి ఊపాలి. అప్పుడు అక్క రెండో కేక వేసేది. 'అయిపోయిందో, రాండో'. ఆ కేక వినపడిన తరవాతనే ఊరు మళ్ళీ నడిచేది. మా ఊరివాళ్ళకు ఇది ఎంత అలవాటంటే, దీపావళి నాడు పిల్లలు టపాకాయల సరం కాల్చినా పెద్దవాళ్ళు రెండో కేక కోసం ఆగేవాళ్ళు. అక్క తన ఇంటి అరుగు మీద నుంచి ఆ కేక వేసి, తర్వాత పిల్లల్ని తిట్టేది.

ఒకసారి బావిలోంచి రాయి ఎగిరివచ్చి ఒక గొర్రెల కాపరి ఇంటి ముందు కట్టేసిన మేకకు తగిలింది. మేక అక్కడికక్కడే చచ్చిపోయింది. అక్క తన దొడ్లో ఉన్న చూడి మేకను తాడుతో పట్టుకుపోయి, ఆ ఇంటి గుంజకు కట్టి, మా రాయి మీ మేకను చంపింది అని ఒక్క మాట చెప్పి వచ్చేసింది. ఆ కాపరి వద్దని బతిమాలినా వినలేదు.

పంచాయతీ ఆఫీసులో టీవీ పెట్టిన కొత్తలో సాయంత్రం వార్తలకు అక్క అందరికంటే ముందు వచ్చి కూర్చునేది. వినడానికి కాదు, కొట్లాడటానికి. వార్తలు చదివే అమ్మాయికి తను కనపడదని ఎవరెంత చెప్పినా నమ్మేది కాదు. ఆ కొత్త మాటలన్నీ ఆ అమ్మాయే ఇంట్లో కూర్చుని అల్లుకుని వస్తుందని ఆమె గట్టి అభిప్రాయం. మందుపాతర అన్న మాట విన్న రోజు గొడుగు నేలకేసి కొట్టింది. మా ఇళ్ళల్లో పాతర అంటే కరువు కోసం రాగులు దాచుకునే గొయ్యి. మనుషుల్ని చంపడానికి రోడ్డు కింద పూడ్చేదానికి అన్నం పెట్టేదాని పేరు పెట్టారని ఆమె మంట. కంప్యూటరుకు వైరస్ వస్తుందని విన్నాక, ఇంటర్నెట్ సెంటరు నుంచి వచ్చిన నాకు పసుపునీళ్ళతో చేతులు కడుక్కుంటేగానీ అన్నం పెట్టలేదు. అట్లాంటి రోగం కాదని నేను చెప్పింది ఆ వినపడని చెవికి చెప్పినట్టే అయింది.

ఎక్కడో ఎడారి దేశంలో యుద్ధం జరుగుతున్న రోజుల్లో, గురి తప్పిన బాంబు ఇళ్ళ మీద పడిందని, అది కొలాటరల్ డ్యామేజ్ అని సైన్యం చెప్పినట్టు వార్తల్లో వచ్చింది. అంటే ఏందని నన్ను అడిగింది. పత్రికల వాళ్ళు దాన్ని 'ఆనుషంగిక నష్టం' అంటారని చెప్పాను. అది తెలుగేనా అని అడిగింది. తెలుగేనని ఒప్పుకోవడానికి నాకే సిగ్గేసింది. వక్క నోట్లో వేసుకుంది.

"మా రాయి మీ మేకను సంపింది అనేదానికి వాళ్ళకి నోరు రాలా. అంతే కదప్పా. నోరు రానోళ్ళకే ఇంత పొడుగు మాట కావాల" అంది.

ఆ పొడుగు మాటలు తన ఇంటికే వస్తాయని ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు.

ఆ ఏడు వానలు లేవు. అక్క బావి అడుగంటింది. ఇంకొంచెం దిగితే ఊట తగులుతుందని తమ్ముడు అన్నాడు. బెజ్జాలు వేసి పెట్టి, తూటాల కోసం కుప్పం పక్క రాళ్ళ క్వారీలకు పోయాడు. అతనికి లైసెన్సు లేదు. మా పక్క బావులు తవ్వినవాళ్ళు చాలామందికి లేదు. తెలిసినవాళ్ళ దగ్గర తూటాలు తీసుకుని, గంపలో అడుగున పెట్టి, పైన చింతపండు కప్పి, బస్సులో కాళ్ళ దగ్గర పెట్టుకుని వచ్చేవాడు. బస్సువాళ్ళకూ తెలుసు. బీడీ తాగేవాణ్ణి ఆ గంపకు దూరంగా కూర్చోబెట్టి, దాని మీద కాలు పెట్టొద్దని పక్కవాళ్ళకు చెప్పి టికెట్టు కొట్టే కండక్టరును నేనే చూశాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. తప్పు కాదని నేను అనను, అక్క కూడా అనలేదు.

అంతకు ముందు వారమే రాష్ట్ర సరిహద్దు అవతల ఒక నగరంలో బాంబు పేలి మనుషులు చచ్చిపోయారు. దారుల్లో ప్రతి బస్సునూ ఆపి వెతుకుతున్నారు. అతనికి అది తెలియదు, పేపరు చదివే మనిషి కాదు. బస్సును ఆపిన పోలీసు గంప మీద చెయ్యి వేసి ఏముందిరా అని అడిగాడు. అతను ఉన్నదున్నట్టు చెప్పాడు. తూటాలుండాయి సామీ, మెల్లిగా దించండి, పడితే పేలతాయి అన్నాడు. జీవితమంతా జనాన్ని దూరం పంపించి బతికినవాడు. చెయ్యి వేసిన మనిషి బాగుండాలనే కదా ఆ మాట అన్నాడు.

మరుసటి రోజు పేపర్లో అది ఎట్లా వచ్చిందో చెప్తే ఈ రోజుకీ నా ఒళ్ళు మండుతుంది. 'పేల్చేస్తానని పోలీసులకు బెదిరింపు'. దాని మీద పెద్ద అక్షరాల్లో 'సరిహద్దులో ఉగ్ర కలకలం'. తల మీద తువ్వాలు కప్పి నడిపిస్తున్న ఫోటో. స్లీపర్ సెల్ సభ్యుడా? మాస్టర్ మైండ్ ఎవరు? ఉగ్రవాద కోణంలో దర్యాప్తు. ఎక్కడెక్కడి యుద్ధాల నుంచో దిగుమతి చేసుకున్న మాటలన్నీ తెచ్చి, వేలిముద్ర వేసే ఒక మనిషి నెత్తిన కుమ్మరించారు. అతని పేరు, తండ్రి పేరు, ఊరి పేరు తప్పులు లేకుండా వేశారు. చింతపండు సంగతి వేశారు. బావి సంగతి ఒక్క ముక్క లేదు.

పోలీసులు అతన్ని రోజుల తరబడి ఉంచుకున్నారు. చివరికి ఒక సీఐ మా ఊరికి వచ్చాడు. అక్క ఆయన్ని బావి దగ్గరకు తీసుకుపోయింది. ఆయన బూట్లు విప్పి, మెట్లు పట్టుకుని అడుగు దాకా దిగి, బండకు వేసిపెట్టిన బెజ్జాల్లో వేలు పెట్టి చూశాడు. పైకి వచ్చి మజ్జిగ తాగాడు. తర్వాత తమ్ముణ్ణి వదిలిపెట్టారు. లైసెన్సు లేకుండా తూటాలు తెచ్చినందుకు కేసు పెట్టారు, కోర్టులో జరిమానా వేశారు. అక్క ఆ జరిమానా గురించి నోరెత్తలేదు. తమ్ముణ్ణి మాత్రం ఊరంతా వినేట్టు తిట్టింది, బస్సులో అందరి ప్రాణాల మీదికి తెచ్చినావు కదరా అని.

వదిలిపెట్టిన సంగతి పేపర్లో రాలేదు. కొన్నాళ్ళు చూసి, అక్క మదనపల్లెకు నా దగ్గరికి వచ్చింది. పేపరు ఆఫీసు యాడుండాదో చూపించమంది.

అక్కడి ఇంఛార్జి చెడ్డవాడు కాదు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. విషయం అంతా విన్నాడు. తర్వాత చాలా మర్యాదగా, మేము మీ తమ్ముణ్ణి ఉగ్రవాది అని ఎక్కడా రాయలేదమ్మా అన్నాడు. 'కోణం' అన్నాం. సభ్యుడా అని అడిగి ప్రశ్నార్థకం పెట్టాం. బెదిరింపు సంగతి ఎవరో చెప్పగా రాసింది. కావాలంటే ఖండన రాసివ్వండి, వీలున్నప్పుడు వేస్తాం. ఇదీ ఆయన చెప్పింది. నాకు నెత్తురు కాగింది. ఒక మనిషి బతుకు మీద పడేసి, తమను తాము కాపాడుకోవడానికి ఒక ప్రశ్నార్థకం. చుక్క సిరా కూడా పట్టదు దానికి. నేను ఏదో గట్టిగానే అనబోయాను. అక్క గొడుగుతో నన్ను ఆపింది.

"అబ్బయా, మేము తూటా పెట్టేటప్పుడు మందు పెట్టినామని అరుస్తాం. ఊరంతా దాక్కుంటాది. నువ్వూ అట్లే అరిసినావు. నాలుగు జిల్లాలు దాక్కునె. తప్పు లేదు, బాంబులు పేలే కాలం, బయపడినావు, అరిసినావు. పేలిందా లేదా అని ఎవురన్నా దిగి సూడాల గదా. ఆ సీఐ దిగి సూసినాడు. ఇంగ అయిపోయింది, రాండి అని నువ్వు అరవాల. నువ్వు అరిసేదాకా మా తమ్ముని దగ్గరికి ఎవురూ రారు."

ఆఫీసులో టైపు చేస్తున్నవాళ్ళు చేతులు ఆపేశారు. ఆమె మెల్లగానే మాట్లాడాననుకుంది. ఇంఛార్జి తల దించుకుని, చూస్తానమ్మా అన్నాడు. ఎంత పెద్దగా వేస్తావు అని అడిగింది. స్థలాన్ని బట్టి అన్నాడు. మొదట వేసినంత పెద్దగా వేయాలని, అదే తావులో వేయాలని చెప్పి లేచింది. టీ తాగలేదు.

వేశాడు. లోపలి పేజీలో, ఒక చీరల షాపు ప్రకటన కింద, అగ్గిపెట్టె అంత జాగాలో. 'అనుమానితుడి విడుదల' అని. విడుదలయ్యాక కూడా అనుమానితుడే. పేరు వేయలేదు. బావి లేదు. బెదిరింపు అబద్ధమని లేదు. మా ఊళ్ళో ఆ పేపరు తెప్పించే షావుకారికి కూడా అది కనపడలేదు.

తర్వాత తమ్ముణ్ణి తూటాకు పిలిచినవాళ్ళు లేరు. బోర్లు వచ్చి బావుల పని ఎలాగూ తగ్గింది, అది వేరే సంగతి. కానీ కండక్టర్లు అతని సంచీ విప్పి చూడటం మొదలుపెట్టారు. ఒకప్పుడు గంప మీద కాలు పెట్టొద్దని జనానికి చెప్పిన కండక్టర్లే. పిల్లలు మానవబాంబు అని పేరు పెట్టారు. ఒకసారి పుంగనూరు సంతలో అక్క ఎద్దుల బేరం చేస్తుంటే, తెలిసిన రైతే ఒకడు వేరేవాళ్ళకు పక్కనున్న తమ్ముణ్ణి చూపించి, వీడు మా ఊరి టెర్రరిస్టు, జాగ్రత్త అన్నాడు. అందరూ నవ్వారు. తమ్ముడు కూడా నవ్వాడు. ఆ రైతు అన్న మాట కంటే తమ్ముడు నవ్విన నవ్వే తన కడుపులో దిగబడిందని అక్క నాతో చెప్పింది. ఆ రైతు పొలంలో బావి తవ్వింది ఈ అక్కాతమ్ముళ్ళే. ఆ నీళ్ళతో పెంచిన ఎద్దులే ఆ రోజు బేరానికి వచ్చాయి.

అక్కడే, ఆ సంతలోనే, అక్క మొదటిసారి ఎద్దులబండి మీదికెక్కి కేక వేసింది. 'అయిపోయిందో, రాండో. మా తమ్ముడు బావులు తవ్వేటోడు, ఇంకేం కాదో.' సంత ఒక్క క్షణం ఆగింది. తర్వాత మళ్ళీ బేరాలు మొదలయ్యాయి.

అప్పటి నుంచి ఏ ఊరికి పోయినా అదే పని. కుప్పం బస్టాండులో, పలమనేరులో, పుంగనూరులో, బస్సు దిగగానే గొడుగు పైకెత్తి ఒకసారి ఆ కేక వేసి తన పని మీద తను పోయేది. పేపరు వెయ్యని కేకను తనే వేసుకుంటూ తిరిగింది. మదనపల్లెలో నా విద్యార్థుల ముందే వేసింది ఒకసారి. జనం నవ్వారు, పిచ్చిదన్నారు. తువ్వాలు కప్పిన ఫోటో అచ్చేసినవాడు తెలివైనవాడు, అది అబద్ధం అని అరిచిన మనిషి పిచ్చిది. ఇది రాస్తుంటే కూడా నాకు కోపంగానే ఉంది. ఆ కోపం చల్లారాలని నేను అనుకోవడం లేదు.

ఫోను వచ్చిన రోజే ఊరికి పోయాను. పలక డప్పులు మోగుతున్నాయి. మా పక్క సాగనంపేటప్పుడు టపాకాయలు కాలుస్తారు. పాడె ఊరి చివరికి వచ్చాక దించారు, సరం పరిచారు. తూటా వత్తులన్నీ అంటించిన చెయ్యి, ఇంకెవరు అంటిస్తారని పెద్దవాళ్ళు వెలిగించిన ఊదుబత్తి తెచ్చి తమ్ముడి చేతికి ఇవ్వబోయారు. అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. చుట్టూ చూశాడు. దారిన ఒక పాల వ్యాను పోతూ ఉంది, అది పోయేదాకా ఆగాడు.

"నాకొద్దన్నా. ఎవురన్నా సూస్తే మళ్ళా ఏమన్నా అంటారు" అన్నాడు.

తోడబుట్టినదాని చావుకు టపాకాయ అంటించడానికి భయపడే మనిషిని చేశారు అతన్ని. ప్రశ్నార్థకం పెట్టామన్న ఆ ఇంఛార్జి ఆ రోజు అక్కడ ఉండుంటే బాగుండేది.

ఎవరో కుర్రవాడు అంటించాడు. సరం పేలింది. పొగ లేచింది. పలకలు ఆగాయి. పాడె మోసేవాళ్ళు రావాలి, రాలేదు. ఎవరూ కదలలేదు. ఎందుకు కదలడం లేదో మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. రెండో కేక వేసే మనిషి పాడె మీద ఉంది.

తమ్ముడు మెల్లగా ఆ పొగలోకి నడిచాడు. వంగి, కాలిన కాగితాలను చేత్తో కదిలించి, పేలనిది ఏదైనా మిగిలిందా అని చివరిదాకా చూశాడు. నిటారుగా నిలబడ్డాడు. నేను అతని గొంతు అంత పెద్దగా వినడం అదే మొదలు.

"అయిపోయిందో. రాండో."

జనం కదిలారు. పాడె దగ్గరికి పోయేముందు చాలామంది అతని దగ్గరికి పోయారు, చెయ్యి పట్టుకున్నారు. సంతలో ఎగతాళి చేసిన రైతు కూడా వాళ్ళలో ఉన్నాడు.

మదనపల్లెకు తిరిగివచ్చి పట్టిక పూర్తి చేసి షాపాయనకు ఇచ్చాను. 'ఉగ్రవాద కోణం' పక్కన, బావిలోకి దిగి చూడకుండా వేసిన మొదటి కేక అని అర్థం రాశాను. పరీక్షలో ఇట్లా రాస్తే మార్కులు రావని ఆయన దాన్ని కొట్టేశాడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.